మగ్గాల వాడ మెంబరమ్మ

మెంబరమ్మ పోయిందన్న కబురు నాకు బస్సు కండక్టరు నోట తెలిసింది. నేనిప్పుడు ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడలో హెడ్మాస్టరుగా ఉన్నాను. పొద్దున బడికి పోతూ రోడ్డు దాటుతుంటే కరీంనగర్ వైపు పోయే బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఆమె ఊరివాడే, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. మెట్టు మీద నిలబడే చెప్పాడు.

"సారూ, మన మెంబరమ్మ పోయింది. నిన్న పొద్దుగాల నూలు కండెలు చుట్టుకుంట చుట్టుకుంటనే పక్కకు ఒరిగిందట. పానం బాగ లేదన్న మాట గూడ అనలే."

ఒక పిల్లవాడి చేత బడికి సెలవు చీటీ పంపి అదే బస్సు ఎక్కాను. నేను చేరేసరికి అన్నీ ముగిశాయి. వాడ ఆడవాళ్లంతా ఆమె ఇంటి ముందు కూర్చుని ఉన్నారు. ఆమె మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ నవ్వుతున్నారు, నవ్వాక కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు. అలాంటి పరామర్శ నేను మరో ఇంట్లో చూడలేదు. ఆమెకు అదే తగినదనిపించింది.

ఆమె నాకు చుట్టం కాదు. మా పరిచయం నేను ఆమెకు చేసిన అపకారంతో మొదలైంది. ఆ సంగతి ఆమె బతికుండగా ఎవరికీ చెప్పలేదు. కాబట్టి నేనే చెప్పాలి.

మెంబరు కాకముందే ఆమెకు మెంబరమ్మ అన్న పేరు వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉన్న రోజులవి. ఆ చిన్న పట్నంలో మునిసిపాలిటీని అందరూ బల్దియా అనేవారు. బల్దియాకు మొదటిసారి జనం ఓట్లతో మెంబర్లను ఎన్నుకోవాలని చాటింపు వేశారు. మగ్గాల వాడ నుంచి నూలు సేటు నిలబడ్డాడు. అంతకు ముందు కూడా ఆయనే మెంబరు, కాకపోతే పైనుంచి వేసిన మెంబరు. ఆయన ఇంట్లో గిలక బావి ఉంది. వాడలో మాత్రం చుక్క నీరు లేదు. తాగడానికే కాదు, నూలుకు గంజి పెట్టాలన్నా రంగు అద్దాలన్నా ఊరి బయటి మోటబావి నుంచి ఆడవాళ్ల నెత్తి మీద నీళ్లు రావలసిందే. బజారు వైపు వీధుల్లో నల్లాలు పడ్డాయి. మగ్గాల వాడ మలుపు దగ్గరికి వచ్చేసరికి పైపు ఆగిపోయింది.

మెంబరమ్మ సేటు దుకాణానికి వెళ్లి మూడుసార్లు నల్లా అడిగింది. మూడోసారి సేటు నవ్వి, "నల్లా గావాల్నంటే నువ్వే మెంబర్ గారాదు?" అన్నాడట. ఆమె అక్కడి నుంచి ఇంటికి రాలేదు. సరాసరి బల్దియా ఆఫీసుకు పోయి, నిలబడతానని కాగితం రాయించి వేలిముద్ర వేసి వచ్చింది. ఆ సాయంత్రం నుంచే వాడ కుర్రకారు ఎగతాళిగా మెంబరమ్మ అనడం మొదలుపెట్టారు. నవ్విన నాపచేనే పండుతుందని వాళ్లకు అప్పుడు తెలియదు.

నేను అప్పుడే నౌకరీలో చేరిన పంతుల్ని. మాది హుస్నాబాద్ దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. మగ్గాల వాడ పోలింగుకు నన్ను అధికారిగా వేశారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, నా సంగతి సరిగ్గా అదే. చొక్కాకు గంజి పెట్టించుకుని, ఉర్దూలో అచ్చేసిన సూచనల పుస్తకం చంకలో పెట్టుకుని, కోడి కూసే వేళకే బూత్‌లో కూర్చున్నాను. తెర వెనుక ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, దాని మీద గుర్తు అంటించి పెట్టాం. సేటుది తక్కెడ, ఈమెది నిచ్చెన. ఓటరు వచ్చి పేరు చెప్పాలి, తండ్రి పేరో భర్త పేరో చెప్పాలి, కాగితం తీసుకుపోయి ఇష్టమైన డబ్బాలో వేయాలి.

మగవాళ్లు చకచకా వేసిపోయారు. తరువాత ఆడవాళ్ల వరస వచ్చింది. ముందు నిలబడ్డ ఆమెను నేను భర్త పేరు అడిగాను. తల వంచుకుంది. మళ్లీ అడిగాను.

"మా పెద్దోని బాపు సారూ" అంది.

"పేరు చెప్పాలమ్మా."

"గా మూల మీది ఇల్లు మాదే. అందరికెరికే."

పక్కకు నిలబడమన్నాను. రెండో ఆమె అంతే, మూడో ఆమె అంతే. మెంబరమ్మ తరఫున ఏజెంటుగా కూర్చున్న ముసలాయన లేచి, "నేను జెప్త సారూ, గీళ్ల మొగోళ్లందరు నాకెరికే" అన్నాడు. ఆమెనే చెప్పాలి, మీరు కూర్చోండి అని కసిరాను. సేటు ఏజెంటు మీసాల కింద నవ్వుకోవడం చూశాను. చూసి కూడా, నేను ఎంత నిక్కచ్చిగా ఉన్నానో అని మురిసిపోయాను. పక్కకు నిలబెట్టిన ఆడవాళ్లు మధ్యాహ్నం దాకా ఎండలో ఉండి, నీళ్లకు పోయే వేళయిందని ఒకరి వెనుక ఒకరు వెళ్లిపోయారు. నోరు తెరిచి భర్త పేరు చెప్పిన భార్య ఆ రోజు ఒక్కతె కూడా లేదు.

మెంబరమ్మ పదకొండు ఓట్లతో ఓడిపోయింది. నేను వెనక్కి పంపిన ఆడవాళ్లు అంతకు మూడింతలు ఉంటారు.

లెక్కింపు అయిన రెండో రోజు ఊరికే సూచనల పుస్తకం తిరగేస్తుంటే ఒక వాక్యం కనబడింది. వచ్చినవారు ఫలానా అని అధికారికి నమ్మకం కలిగితే చాలునట. ఎలా కలగాలో, ఎవరు చెప్పాలో ఏమీ లేదు. నాలుగుసార్లు చదివాను. సాయంత్రం మగ్గాల వాడకు వెళ్లాను.

ఆమె గడప లోపల కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతున్నది. లోపల ఆమె పెనిమిటి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. నేను నిలబడే ఉన్నదున్నట్టు చెప్పేశాను. తప్పు నాదే, రూల్లో అలా లేదు, మీరు పైకి రాసుకోవచ్చు, నేను ఒప్పుకుంటాను అన్నాను. ఆమె రాట్నం ఆపలేదు. ఆమెకు అది అలవాటు, ఎంత పెద్ద మాటైనా చేతిలో పని ఆపకుండానే మాట్లాడేది.

"మీ అవ్వ మీ బాపు పేరు జెప్తదా సారూ?" అని అడిగింది.

మా అమ్మ చెప్పదన్నాను. మా బాపు పేరు చంద్రయ్య. చిన్నప్పుడు మా అవ్వ నాకు చందమామను చూపించేటప్పుడు కూడా "గా పైనున్నోడు" అనేదే తప్ప పేరు పలికేది కాదు. ఆ మాట కూడా చెప్పాను.

"మరి గీళ్లను గట్లెట్ల అడిగినవు?"

ఆమె తిట్టి ఉంటే తేలికయ్యేది. తెగిన పోగు ఒకటి వేళ్ల మధ్య పట్టుకుని ముడి వేస్తూ అంది. "పోగు తెగిందని తిడితె ఏమొస్తది సారూ, అతకాలె. పైకి రాస్తె నీ నౌకరి పోతది. మాకు నల్లా ఒస్తదా? రాదు. నువ్వు గీ వాడలనే కిరాయికుండు. మా ఆడోళ్లు ఎట్లుంటరో జూడు. గదే నీ శిక్ష."

మగ్గం చప్పుడు ఆగింది. లోపలి నుంచి ఆయన, "జర కూసో సారూ, చాయ తాగి పో" అన్నాడు. ఆ ఇంట్లో ఆయన మాట నేను వినడం అదే మొదలు. మనిషి మెత్తన, మాట తక్కువ.

అలా నేను మగ్గాల వాడలో ఒక గది తీసుకున్నాను. ఉన్నది ఏడేళ్లు. శిక్ష అన్న సంగతి మొదటి నెలలోనే మరిచిపోయాను. తెల్లవారకముందే గది ముందు నుంచి బిందెల చప్పుడు పోయేది, ఎండ ముదిరాక తిరిగి వచ్చేది. గర్భిణి అని లేదు, జ్వరమని లేదు. ఓడిపోయిన మెంబరమ్మ కూడా ఆ వరసలోనే నడిచేది. ఎవరైనా ఓటమి మాట ఎత్తితే, "అడుగుడు తప్పు గాదు, అడిగి ఊకుండుడు తప్పు" అనేది. ఆమె నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కొన్నాళ్లకు మళ్లీ ఓటర్ల జాబితా రాయాలన్నారు. పంతుళ్లకు వాడలు పంచారు, మగ్గాల వాడ నేను అడిగి తీసుకున్నాను. పాత జాబితాలో సగం మంది ఆడవాళ్లకు పేరే లేదు. ఫలానా వాని భార్య, ఫలానా వాని తల్లి, అంతే. ఈసారి ప్రతి గడపలోనూ వాళ్ల సొంత పేరు అడిగాను. ఆమె మాత్రం నాతో ఇళ్లకు రాలేదు. "నేనొస్తె నీ నౌకరికి మాటొస్తది" అని రాట్నం దగ్గరే కూర్చుంది. మోటబావి దగ్గర మాత్రం అందరికీ ముందే చెప్పి పెట్టింది, సారు వస్తే పేరు దాచుకోవద్దని.

ఒక ఇంట్లో పళ్లూడిన ముసలమ్మ నా ప్రశ్న విని చాలాసేపు ఆలోచించింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమెను కోడలా అన్నారు, అవ్వా అన్నారు, పేరు పెట్టి పిలిచిన వాళ్లు లేరు. చివరికి గుర్తొచ్చింది. చెప్పి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆడపిల్లలా సిగ్గుపడింది. "రాసినవా బిడ్డా? జర మల్ల సదువు" అంది. చదివాను. మూడుసార్లు చదివించుకుంది.

రెండో ఎన్నిక వచ్చింది. ఈసారి నాకు బూత్ పని వేయలేదు, నేను వాడ ఓటరునే. అధికారిగా తాలూకా కచేరీ గుమాస్తా ఒకాయన వచ్చాడు. నేను మగవాళ్ల వరసలో నిలబడి ఉన్నాను, నా గుండె మాత్రం ఆడవాళ్ల వరసలో ఉంది. జాబితాలో సొంత పేర్లయితే ఎక్కాయి గానీ పక్కన భర్త పేరు గడి అలాగే ఉంది. గుమాస్తా తల ఎత్తకుండానే మొదటి ఆమెను అడిగాడు.

"పేరు?"

చెప్పింది.

"భర్త పేరు?"

ఆమె వెనుక నిలబడ్డ ఆమె గట్టిగా పలికింది. "సాయిలు. మగ్గం సాయిలు."

గుమాస్తా తల ఎత్తాడు. "నిన్నెవరడిగిన్రు? ఆమెనే చెప్పాలె."

మెంబరమ్మ వరస చివర నిలబడి ఉంది. అక్కడి నుంచే అంది. "సారూ, గట్లని మీ పుస్తకంల ఉందా? ఉంటె జర సదువుండ్రి, ఇంటం. లేకుంటె ఎండ కొడుతాంది, కానియ్యుండ్రి."

ఆయన పుస్తకం తీశాడు. పేజీలు తిప్పాడు. నాకు ఆ పుస్తకంలో ఏముందో తెలుసు, అందుకని హాయిగా చూస్తున్నాను. ఆయన పుస్తకం మూసి మొదటి ఆమెకు కాగితం ఇచ్చాడు. రెండో ఆమె ముందుకు వచ్చింది. రెండో ఆమె భర్త పేరు మూడో ఆమె చెప్పింది. మూడో ఆమెకు నాలుగో ఆమె. ఎవరి వెనుక ఎవరు నిలబడాలో నెల రోజుల ముందే మోటబావి దగ్గర ఖరారు చేసుకున్నారట. నాకు ఒక్కరూ చెప్పలేదు. వరస అలా కదులుతూ పోయింది. పిలవకూడని పేర్లన్నీ ఆ పూట మగ్గాల వాడ బడి వరండాలో గట్టిగా వినబడ్డాయి, పలకవలసిన వాళ్లు మాత్రం పలకలేదు. మగవాళ్ల వరసలో కొందరు తమ పేరు పక్కింటి ఆమె నోట విని గతుక్కుమన్నారు.

చివరికి మెంబరమ్మ మిగిలింది. ఆమె వెనుక ఎవరూ లేరు. అందరికీ వెనుక మనిషి ఉండాలని ఆమె చివర నిలబడింది, మరి ఆమెకు? గుమాస్తా ఆమె వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూసింది. అప్పటికి ఆయన కోపం కూడా అలిసిపోయినట్టుంది. జాబితా మీద వేలు పెట్టి, ఆమె పెనిమిటి పేరు తనే చదివి, "ఔనా అమ్మా?" అన్నాడు.

"ఔ సారూ" అంది.

ఇంత చిన్న పని. చదివి, ఔనా అని అడిగితే సరిపోయేది. ఆ నిమిషంలో నా మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ ఎన్నికలో ఆమె గెలిచింది, వెంట్రుక వాసి గెలుపు కూడా కాదు.

గెలవగానే నల్లా రాదు కదా. మెంబర్లంతా కలిసి ఛైర్మన్‌ను ఎన్నుకోవాలి. ఒక వకీలు, ఒక రైసుమిల్లు ఆసామి పోటీ పడ్డారు. చెరి సగం మంది మెంబర్లు అటూ ఇటూ తేలారు, మెంబరమ్మ చెయ్యి ఎటు లేస్తే అటు. వాడలోకి మొదటిసారి జీపు వచ్చింది. ఎన్నిక దాకా మెంబర్లను ఊరు దాటించి దాచే పద్ధతి అప్పటికే మొదలైంది. వకీలు మనిషి దిగి, "వేములవాడ పోయి రాజన్న దర్శనం జేసుకొద్దాం రా మెంబరమ్మా, నాలుగొద్దులు" అన్నాడు.

"నా ఓటుతోని రాజన్నకేం పని బిడ్డా?" అని ఆమె రాట్నం తిప్పుకుంది.

ఇద్దరూ విడివిడిగా ఇంటికి వచ్చారు. ఇద్దరూ నల్లా వేయిస్తామన్నారు. ఇద్దరికీ ఆమె ఒకే మాట చెప్పింది. "నాకు జెప్తె ఏం లాభం? వాడకు జెప్పుండ్రి. డప్పు కొట్టిచ్చి జెప్పుండ్రి." వకీలు నవ్వాడు, ఛైర్మన్ కాకముందే చాటింపేమిటి, ఆలూ చూలూ లేకుండానే కొడుక్కి పేరు పెట్టినట్టుంది అన్నాడు. మిల్లు ఆసామికి గెలుపు మీద ఆశ ఎక్కువ. మర్నాడు పొద్దున డప్పు మోగింది. తాను ఛైర్మన్ అయితే మగ్గాల వాడకు రెండు నల్లాలు వేయిస్తానని ఫలానా ఆసామి మాట ఇస్తున్నాడహో అని వాడ వాడంతా చాటారు. మెంబరమ్మ చెయ్యి ఆయనకే లేచింది.

ఏడాది గడిచింది. పైపులు రాలేదు. ఆమె రెండుసార్లు సభలో అడిగింది. ఆమెకు చదువు రాదు, కాబట్టి సంతకం ముందు తీర్మానం మొత్తం పైకి చదవమనేది. "జర సదువుండ్రి, ఇని పెడ్త." అందరూ విసుక్కునేవారు, అయినా చదివేవారు. అలా వినడం వల్లనే నల్లాల తీర్మానం ఒక్కసారి కూడా రాయలేదని ఆమెకు తెలిసింది. అప్పుడామె డప్పు కొట్టే ఆయన ఇంటికి పోయింది. ఆయన ఇల్లు కూడా మోటబావి నీళ్ల మీదే నడిచేది. మర్నాడు పొద్దున ఛైర్మన్ ఇంటి ముందు అదే డప్పు, అదే చాటింపు, పొల్లు పోకుండా అదే మాట. రెండో రోజు మళ్లీ. మూడో రోజు ఛైర్మన్ పంచె ఎగగట్టుకుని బయటికి వచ్చి, "ఆపుండ్రయ్యా, పైపులు రేపే దింపిస్త" అన్నాడు. దింపించాడు కూడా, పాపం.

నల్లా తిప్పిన రోజు ఆడవాళ్లు పసుపు కుంకుమ తెచ్చి దానికి పెట్టారు. "పెడ్తె పెట్టిన్రు గని బిగ్గెన మూసుండ్రి, నీళ్లు పోతున్నయి" అన్నది మెంబరమ్మ. ఆ రోజు ఆమె ఇంతకు మించి ప్రసంగం చేయలేదు. మోటబావి దారిలో కొన్నాళ్లకే గడ్డి మొలిచింది. వాడ ఆడపిల్లలు పొద్దున పూట బడికి రావడం మొదలైంది. ఆ తరువాత కూడా ఆమె ఒకసారి గెలిచింది. అప్పటికి నాకు బదిలీ అయింది, ఆమె నడిచి బస్సు దాకా వచ్చి సాగనంపింది. "నీ శిక్ష అయిపోయింది సారూ, ఇగ ఏడున్నా మంచిగుండు" అన్నది. నేను ఆమె కాళ్లు మొక్కాను, మొక్కనీయకుండా వెనక్కి జరిగింది. ఆమె ఎదుట తప్పు ఒప్పుకుని, నౌకరీ నిలుపుకుని, మనిషినయ్యాను. అంతకంటే గొప్ప ఉపకారం నాకెవరూ చేయలేదు.

ఈసారి వెళ్లినప్పుడు మూడో రోజు ఆమె పెనిమిటిని తీసుకుని బల్దియా ఆఫీసుకు పోయాను. చావు నమోదు చేయించాలి. ఆయనకు ఎనభై దగ్గర పడ్డాయి, కళ్లు మసక. కౌంటరులో కొత్తగా చేరిన కుర్ర గుమాస్తా ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"పోయినామె పేరు జెప్పు తాతా."

ఆయన నా వైపు తిరిగాడు.

"మెంబరమ్మ అని మాకందరికెరికే. గని కాగితంల ఉన్న పేరు గావాలె."

"గది ఊరోళ్లు వెట్టిన పేరు" అన్నాడాయన, అక్కడే ఆగిపోయాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అప్పుడు అర్థమైంది నాకు. యాభై ఏళ్ల కాపురంలో ఆయన కూడా ఆమెను పేరు పెట్టి పిలిచి ఎరగడు. నాకు ఆ పేరు తెలుసు, ఓటర్ల జాబితాలో రాసినవాణ్ణి నేనే. చెప్పబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు సారూ. నేనే జెప్త."

చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు, సిరా ఆరాక రిజిస్టరు మూశాడు. "అయిపోయింది తాతా, ఇగ పోవచ్చు" అన్నాడు. ఆయన కదలలేదు. రెండు చేతులూ కౌంటరు చెక్క మీద ఆనించి, ఎటూ చూడకుండా, లోపలింట్లో పనిలో ఉన్న మనిషిని బయటికి పిలిచినట్టు మెల్లగా ఆ పేరు మరోసారి అన్నాడు.